అబ్సింత్ నాణ్యతను నీళ్లు ఎలా బయటపెడతాయి

అబ్సింత్ అంటే మొక్కల వాసనలతో కాచే ఘాటైన మద్యం. రెండు గ్లాసుల్లో దాన్ని చెరో 30 మిల్లీలీటర్లు పోసి, రెండింటిలోనూ ఐసు నీళ్లు చుక్కచుక్కగా పడనిస్తే తేడా కొద్ది నిమిషాల్లో తేలిపోతుంది. ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ పాత పద్ధతిలో చేసిన సరుకైతే గ్లాసు అడుగున మెల్లగా మబ్బు మొదలై, పైకి పాకి, చివరికి మొత్తం తెల్లబారుతుంది. 1990ల్లో చెక్ దేశం నుంచి పేరు తెచ్చుకున్న రకమైతే ఎన్ని నీళ్లు పోసినా కాస్త రంగు పలచబడటం తప్ప ఇంకేమీ జరగదు. రెండు సీసాల మీదా ఉండే పేరు దాదాపు ఒకటే. ఆల్కహాల్ కూడా రెండింటిలోనూ 70 శాతానికి అటూ ఇటూగానే ఉంటుంది. లోపలున్న సరుకు మాత్రం ఒకటి కాదు.

కొత్తగా అబ్సింత్ రుచి చూసేవాళ్లు సాధారణంగా మూడు కొలతలు పట్టుకుని వస్తారు. రంగు ఎంత పచ్చగా ఉంది, ఎంత చేదుగా ఉంది, వర్మ్‌వుడ్ అనే చేదు మొక్క నుంచి వచ్చే థుజోన్ అనే పదార్థం ఎంత ఉంది. అబ్సింత్‌లో కలిపే చక్కెర బిళ్లకు నిప్పంటించే ఆర్భాటం వీటికి అదనం. ఈ మూడూ తప్పు కొలతలే. నాణ్యత తెలియాలంటే చూడాల్సింది నీళ్లు కలిశాక ఏం జరుగుతుందన్నది. అది ఎందుకో అర్థం కావాలంటే ముందు ఈ మద్యం ఎలా తయారవుతుందో తెలియాలి.

అబ్సింత్ పుట్టిల్లు స్విట్జర్లాండ్‌లోని నషాటెల్ ప్రాంతం, అందులో వాల్-ద-త్రావెర్ అనే లోయ. అక్కడి కువే ఊళ్లో 18వ శతాబ్దం చివర్లో దీన్ని వ్యాపారంగా కాచడం మొదలైంది. 1805లో ఆన్రీ-లూయీ పెర్నో సరిహద్దు దాటి ఫ్రాన్స్‌లోని పోంతార్లియే పట్టణంలో డిస్టిలరీ పెట్టాక ఆ పట్టణమే దీనికి రాజధాని అయింది.

ఇందులో పడే మొక్కల్లో మూడు ముఖ్యం. వర్మ్‌వుడ్, ఆనిస్ గింజలు, సోంపు. ఆనిస్ మన సోంపుకు దగ్గరి చుట్టమే. గింజ కాస్త చిన్నది, వాసన ఇంకాస్త తీపి. వర్మ్‌వుడ్ పేరు తెలుగువాళ్లకు కొత్త కావచ్చు గానీ దాని కుటుంబం కొత్తది కాదు. వినాయక చవితి పూజలో 21 పత్రుల్లో మొదట వచ్చే మాచీపత్రం, పూలదండల్లో మల్లెల మధ్య గుచ్చే దవనం, ఈ వర్మ్‌వుడ్, అన్నీ ఆర్టెమీసియా జాతి మొక్కలే. దవనం రెమ్మను వేళ్ల మధ్య నలిపి వాసన చూసినవాళ్లకు మంచి అబ్సింత్‌లో వెతకాల్సిన వాసన సగం తెలిసినట్టే. కాస్త కర్పూరం, కాస్త ఎండు గడ్డి, కాస్త పువ్వు, వెనకాల పొడి చేదు.

పాళ్లు చూస్తే ఇంకో విషయం తెలుస్తుంది. 19వ శతాబ్దంలో ప్రసిద్ధమైన ఒక పోంతార్లియే పద్ధతిలో ఎండబెట్టిన వర్మ్‌వుడ్ రెండున్నర కిలోలైతే, ఆనిస్ 5 కిలోలు, సోంపు 5 కిలోలు. వీటిని 85 శాతం ఆల్కహాల్ 95 లీటర్లలో కనీసం 12 గంటలు నానబెట్టి, 45 లీటర్ల నీళ్లు చేర్చి కాస్తారు. అంటే పేరు వర్మ్‌వుడ్‌దే అయినా బరువులో అది ఐదో వంతు మాత్రమే. మంచి అబ్సింత్‌లో వర్మ్‌వుడ్ అరవదు, తీపి గింజల మధ్యలోంచి నిదానంగా వినిపిస్తుంది. ఈ పొందికే రుచి చూసేవాళ్లు పట్టుకోవాల్సిన అసలు సంగతి.

చేదు గురించిన అపోహ కూడా ఇక్కడే తేలిపోతుంది. వర్మ్‌వుడ్ ఆకు కొరికితే భరించలేనంత చేదు. ఆ చేదుకు ప్రధాన కారణం అబ్సింథిన్ అనే పదార్థం. అది ఆవిరిగా మారదు. సరుకు కాచినప్పుడు వాసననిచ్చే నూనెలు ఆవిరితో పాటు పైకి లేచి అవతలి పాత్రలోకి చేరతాయి, అబ్సింథిన్ బాయిలర్ అడుగునే ఉండిపోతుంది. కాబట్టి పద్ధతిగా కాచిన అబ్సింత్‌లో చేదు కొద్దిగానే ఉంటుంది, అది కూడా గుటక చివర్లో. నోరు ముడుచుకుపోయేంత చేదు ఉందంటే ఎవరో ఆకును ఆల్కహాల్‌లో నానబెట్టి, కాచకుండానే వడగట్టి సీసాలో పోశారని అనుమానించాలి. చాలామంది దీన్నే ఘనమైన అబ్సింత్ లక్షణం అనుకుంటారు. నిజానికి అది పని సగంలో ఆపేసినదానికి గుర్తు.

పచ్చదనం ఎక్కడిది?

కాచి దించినప్పుడు అబ్సింత్‌కి రంగు ఉండదు, నీళ్లలా తేటగా ఉంటుంది. అలాగే నీళ్లతో బలం తగ్గించి సీసాకెత్తితే అది తెల్ల రకం. పచ్చ రకానికి ఇంకో దశ ఉంది. కాచిన సరుకులో కొంత భాగం తీసుకుని, అందులో చిన్న వర్మ్‌వుడ్ అనే మరో రకం మొక్క, హిసప్ అనే మూలిక, నిమ్మ వాసన గల మెలిస్సా ఆకు వేసి గోరువెచ్చగా వేడి చేస్తారు. ఆకుల్లోని పత్రహరితం దిగి రంగు వస్తుంది. దాంతో పాటు ఆకు రుచి, కొంచెం వగరు కూడా వస్తాయి. అందుకే మంచి పచ్చ రకానికి తెల్ల రకం కంటే ఒక అంతస్తు ఎక్కువ రుచి ఉంటుంది. పచ్చ రకాలు 65, 68, 72 శాతం బలంతో ఉండటానికీ ఇదే కారణం. పత్రహరితాన్నీ, వాసన నూనెలనూ కరిగించి పట్టి ఉంచాలంటే అంత ఆల్కహాల్ కావాలి. తాగేవాడికి కిక్కు ఎక్కాలని పెట్టిన అంకె కాదది.

పత్రహరితం వెలుతురుకు నిలవదు. ముదురు రంగు గాజు సీసాలో దాచినా ఏళ్లు గడిచేకొద్దీ పచ్చ కాస్తా పసుపు కలిసిన ఆలివ్‌గా, తర్వాత ఎండుటాకు రంగుగా మారుతుంది. ఫ్రెంచివాళ్లు దీన్ని ఎండుటాకు రంగనే పిలుస్తారు, లోపంగా లెక్కించరు. పాత సీసాకు అది గౌరవమే. అనుమానించాల్సింది తెల్లగాజు సీసాలో, షాపు లైటు కింద నెలల తరబడి ఉన్నా మెరిసిపోయే రంగును. అది కృత్రిమ రంగు. లేబుల్ వెనక పసుపు, నీలం రంగుల సంకేత అంకెలు ఉన్నాయేమో చూస్తే చాలు. 19వ శతాబ్దంలో మోసం ఇంకా ఘోరంగా జరిగేది. చౌక సరుకును పచ్చగా చూపడానికి రాగి లవణాలు, నీళ్లు పోస్తే మబ్బు పట్టడానికి ఆంటిమనీ క్లోరైడ్ కలిపేవారు. అబ్సింత్‌ని తాగి రోగాలు తెచ్చుకున్నారన్న కథల్లో ఈ కల్తీ వాటా ఎంతో ఉంది.

మబ్బు పట్టే క్షణం

నీళ్లు కలిస్తే అబ్సింత్ తెల్లబారడాన్ని లూష్ అంటారు. ఆనిస్, సోంపు నూనెల్లో ఉండే అనెథోల్ ఆల్కహాల్‌లో హాయిగా కరుగుతుంది, నీళ్లలో కరగదు. నీళ్ల పాలు పెరిగేకొద్దీ అది కంటికి కనపడనంత సన్నని నూనె బిందువులుగా విడిపోతుంది. ఆ బిందువులు వెలుతురును చెదరగొట్టడం వల్ల ద్రవం తెల్లగా కనిపిస్తుంది. డెట్టాల్‌ని మగ్గు నీళ్లలో వేస్తే పాలలా తెల్లబారడం అందరూ చూసినదే. ఇక్కడ జరిగేదీ అలాంటిదే.

దీన్ని తొందరపడకుండా చూడాలి. గ్లాసు సన్నని కాడతో, అడుగున అబ్సింత్ కొలతకు చిన్న బుడగలాంటి గుంట ఉన్నదైతే మంచిది. పోంతార్లియే గ్లాసు అనేది అదే. లేకపోతే మామూలు వైన్ గ్లాసు చాలు. నీళ్లు బాగా చల్లగా ఉండాలి, ధార కట్టకూడదు. మొదటి చుక్కలు పడ్డప్పుడు ద్రవంలో జిడ్డు తీగల్లా గీతలు తిరుగుతాయి. చల్లని నీళ్లు ఆల్కహాల్ కంటే బరువు కాబట్టి కిందికి దిగుతాయి. అందుకే మబ్బు అడుగున మొదలవుతుంది. పైన ఒక పచ్చని తేట పొర మిగిలి, అది పట్టీలా సన్నబడుతూ వస్తుంది. ఒకటికి ఒకటిన్నర, రెండు పాళ్ల నీళ్లు చేరేసరికి ఆ పొర మాయమవుతుంది. మంచి సరుకులో ఈ మార్పు మెల్లగా, అంచెలంచెలుగా సాగుతుంది. చివరికి గ్లాసును వెలుతురుకు ఎత్తి చూస్తే అంచుల్లో నీలి ఛాయ, మధ్యలో లేత పసుపు కనిపిస్తాయి. చిక్కగా ఉన్నా వెలుతురు లోపలికి దిగుతుంది.

రెండు చుక్కలకే గ్లాసంతా సున్నం నీళ్లలా మూసుకుపోతే ఆనిస్ మోతాదు మించిందనో, దాని బదులు అనాసపువ్వు దండిగా వాడారనో అర్థం. బిర్యానీలో వేసే అనాసపువ్వులో కూడా అనెథోలే ఉంటుంది, అదీ చాలా ఎక్కువగా. ఆనిస్ గింజ కంటే చౌక కూడా. కొద్దిగా వాడితే తప్పేం లేదు, పాతకాలపు మంచి తయారీల్లోనూ వాడినవి ఉన్నాయి. కానీ అదే పెత్తనం చేస్తే నోట్లో ఒక్క మిఠాయి రుచే మిగిలి, నాలుక మొద్దుబారుతుంది. తెల్లదనం ఎంత చిక్కగా ఉంటే అంత గొప్ప అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. అసలే తెల్లబారని సరుకులో ఆనిస్, సోంపు నామమాత్రం. దాన్ని వేరే మద్యంగా చూడొచ్చు గానీ అబ్సింత్‌గా మార్కులు వేయలేం. చక్కెరకు నిప్పు పెట్టే తంతు ఆ చెక్ రకాలతోనే వచ్చింది. నీళ్లు పోస్తే చూడటానికి ఏమీ లేని చోట మంట ఒక ప్రదర్శనగా పనికొచ్చింది. మంచి అబ్సింత్‌కి మాత్రం అది చేటు. మాడిన చక్కెర వాసన కింద మొక్కల వాసనంతా అణగిపోతుంది.

లూష్ కంటికే కాదు, ముక్కుకూ ముఖ్యం. నీళ్లు పోయకముందు గ్లాసు దగ్గర ముక్కు పెడితే ఆల్కహాల్ ఘాటే ముందు తగులుతుంది. మబ్బు పడుతున్నప్పుడు నూనెలు ద్రావణం నుంచి విడివడి ఒక్కసారిగా పరిమళం గుప్పుమంటుంది. ఈ నూనెల వాసన ఎంత మొండిదో చెప్పడానికి చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉంది. 1901 ఆగస్టు 11న పిడుగు పడి పోంతార్లియేలోని పెర్నో ఫ్యాక్టరీ తగలబడింది. మంటలు ట్యాంకులకు అంటుకుంటే పట్టణానికే ముప్పు అని ఒక ఉద్యోగి అబ్సింత్‌ని దూ నదిలోకి వదిలేశాడు. తర్వాత కొద్దిరోజులకే, కొండల అవతల లూ నది పుట్టే ఊట దగ్గర అబ్సింత్ వాసన వచ్చింది. దూ నది నీళ్లే భూమి లోపల నుంచి వెళ్లి లూ నదిగా బయటికి వస్తున్నాయన్న సంగతికి అది ఆధారమైంది.

నోట్లో పెట్టుకున్నాక

నీళ్లు కలపకుండా గుటక వేయడం వల్ల తెలిసేదేమీ లేదు. 68 శాతం ఆల్కహాల్ నాలుకను కాల్చి, తర్వాతి అరగంటకు దాన్ని పనికిరాకుండా చేస్తుంది. 30 మిల్లీలీటర్లకు 120 మిల్లీలీటర్ల నీళ్లు కలిపితే బలం 13, 14 శాతానికి దిగుతుంది, అంటే మామూలు వైన్ స్థాయికి. 53 శాతం ఉన్న తెల్ల రకాలకు అన్ని నీళ్లు అక్కర్లేదు, రెండున్నర నుంచి మూడు పాళ్లు చాలు. ఒకే సీసాను మూడు పాళ్ల దగ్గర ఒకసారి, నాలుగు దగ్గర ఒకసారి, ఐదు దగ్గర ఒకసారి చూడటం మంచి అలవాటు. నీళ్లు పెరిగేకొద్దీ కూడా రుచి విప్పారుతూ ఉండాలి. బలహీనమైన సరుకు నాలుగో పాలు దగ్గరే చప్పబడిపోతుంది.

తొలి గుటక చక్కెర లేకుండానే వేయాలి. అనెథోల్ సహజంగానే తియ్యగా ఉంటుంది. సరైన పాళ్లలో ఉన్న అబ్సింత్‌కి చక్కెర తప్పనిసరి కాదు. మొదట నాలుక కొసన ఆనిస్ తీపి, తర్వాత సోంపు చల్లదనం, ఆపై వర్మ్‌వుడ్ దవనపు వాసన, చివర్లో నాలుక వెనక సన్నని చేదు, కొంచెం వగరు. ఇవి ఒకదాని వెనక ఒకటి వచ్చి, ఏదీ ఇంకోదాన్ని తొక్కేయకూడదు. గుటక దిగాక ఎంతసేపు రుచి నిలుస్తుందో, నిలిచింది ఏ రుచో కూడా చూడాలి. మిఠాయి తీపి ఒక్కటే మిగిలితే సాదా సరుకు. మూలికల వాసన మిగిలితే కాచినవాడికి పని వచ్చని అర్థం.

లోపాలు కూడా ఈ దశలోనే పట్టుబడతాయి. కాచేటప్పుడు మొదట వచ్చేదాన్నీ చివర వచ్చేదాన్నీ పక్కనపెట్టి, నడిమి భాగమే తీసుకోవాలి. ఆశకు పోయి చివరిదాకా లాగితే తడి అట్టపెట్టె, ఉడికిన ఆకుకూర లాంటి వాసన చేరుతుంది. ఎంత ఆనిస్ వేసినా అది దాగదు. వర్మ్‌వుడ్ సరిగా ఎండకపోతే పచ్చి గడ్డి రుచి వస్తుంది. రంగు దశలో ఆకులు ఎక్కువసేపు ఉంచితే టీ డికాషన్ మరిగినట్టు వగరెక్కుతుంది. ఆల్కహాల్ నాసిరకమైతే నీళ్లు కలిపాక కూడా గొంతులో మంట తగ్గదు. ద్రాక్ష నుంచి తీసిన ఆల్కహాల్‌తో చేసినవి నోట్లో గుండ్రంగా, మెత్తగా ఉంటాయి. బీట్‌రూట్, ధాన్యం ఆల్కహాల్ తటస్థంగా ఉంటాయి. తటస్థం అంటే చెడ్డదని కాదు, స్విస్ తెల్ల రకాలకు అది బాగానే నప్పుతుంది.

థుజోన్ భయం, థుజోన్ మోజు

వర్మ్‌వుడ్ నూనెలో ఉండే థుజోన్ ఎక్కువ మోతాదులో మూర్ఛలు తెప్పించే పదార్థమే. 19వ శతాబ్దంలో పారిస్ వైద్యుడు వలాంతాఁ మాన్యాఁ జంతువులకు నేరుగా వర్మ్‌వుడ్ నూనె ఇచ్చి, వాటికి మూర్ఛలు వచ్చాయి కాబట్టి అబ్సింత్ వల్ల ప్రత్యేకమైన పిచ్చి వస్తుందని వాదించాడు. గ్లాసులోని మోతాదుకూ ఆ ప్రయోగాల్లోని మోతాదుకూ పొంతన లేదు. అదే కాలంలో ఫిలోక్సెరా పురుగు ఫ్రాన్స్ ద్రాక్షతోటలను నాశనం చేసి వైన్ ధర పెరగడంతో కూలీలూ గుమాస్తాలూ చౌక అబ్సింత్ వైపు మళ్లారు. 1905 ఆగస్టులో స్విట్జర్లాండ్‌లో జాఁ లాంఫ్రే అనే వ్యక్తి తాగిన మత్తులో భార్యనూ ఇద్దరు కూతుళ్లనూ కాల్చి చంపాడు. ఆ రోజు అతను తాగిన మద్యాల్లో వైనే ఎక్కువ. అయినా నింద మాత్రం అబ్సింత్ మీద పడింది. స్విట్జర్లాండ్ 1908లో ఓటింగ్ పెట్టి 1910 నుంచి నిషేధించింది. 1912లో అమెరికా, 1915లో ఫ్రాన్స్ అదే బాట పట్టాయి.

నిషేధానికి ముందు తయారైన 13 సీసాలను పరీక్షించి 2008లో వెలువరించిన ఒక అధ్యయనంలో లీటరుకు సగటున 25.4 మిల్లీగ్రాముల థుజోన్ తేలింది, అత్యధికం 48.3. నేటి యూరప్ పరిమితి కిలోకు 35 మిల్లీగ్రాములు. అంటే పాత సీసాల్లో చాలా వరకు నేటి చట్టం కిందా పాసయ్యేవే. హాని చేసే మోతాదు థుజోన్ ఒంట్లోకి చేరేలోపే ఆల్కహాల్ మనిషిని పడగొట్టేస్తుంది. ‘థుజోన్ అత్యధికం’ అని లేబుల్ మీద పెద్ద అక్షరాలతో రాసిన సీసా రుచి గురించి ఏమీ చెప్పడం లేదు. చెప్పుకోవడానికి రుచి లేదు కాబట్టే ఆ అంకె చెబుతోందని అనుకోవచ్చు. అమెరికాలో 10 పీపీఎం (కిలోకు 10 మిల్లీగ్రాములు) లోపు ఉంటేనే అమ్మకానికి అనుమతి, 2007 నుంచి అక్కడి షాపుల్లో అలాంటివే దొరుకుతున్నాయి. వాటిలో కూడా అద్భుతమైనవి ఉన్నాయి.

నిషేధం వల్ల రుచిలో ఒక పాయ కొత్తగా బలపడింది. వాల్-ద-త్రావెర్ లోయలో జనం దాదాపు వందేళ్ల పాటు ఇళ్లలో దొంగచాటుగా కాచారు. పచ్చ రంగు ఉంటే దొరికిపోతారు కాబట్టి తెల్లదే కాచేవారు. దానికే ‘లా బ్లూ’ అని పేరు. 2005 మార్చి 1న నిషేధం పోయాక ఈ ఇంటి రకాలు బయటికొచ్చాయి. అక్రమంగా కాచినవాళ్లను ఒకప్పుడు విచారించిన మోతియే కోర్టు భవనంలోనే ఇప్పుడు అబ్సింత్ మ్యూజియం నడుస్తోంది.

ఇదే లోయకు చెందిన రెండు తెల్ల రకాలను పక్కపక్కన పెట్టి చూడటం మంచి పాఠం. కుబ్లెర్, లా క్లాందెస్తీన్ రెండూ 53 శాతమే. కుబ్లెర్‌లో ఆనిస్ ముందుకొస్తుంది, లూష్ చిక్కగా వస్తుంది, రుచి సూటిగా ఉంటుంది. మొదటిసారి చూసేవాళ్లకు సులువు. క్లాందెస్తీన్‌లో కొండపూలు, తేనె వాసనలు ఎక్కువ, ముగింపు ఇంకాస్త పొడవు. రెంటిలో ఒకటే ఎంచుకోవాలంటే క్లాందెస్తీన్‌కే మొగ్గు. వీటి తర్వాత జేడ్ 1901 లాంటి 68 శాతం పచ్చ రకం తీసుకుంటే రంగు దశ ఏం చేస్తుందో నోటికే తెలుస్తుంది. పాత సీసాలను ల్యాబ్‌లో పరిశీలించిన న్యూ ఆర్లియన్స్ కెమిస్టు టెడ్ బ్రో దాన్ని పోంతార్లియే పెర్నో కంపెనీ, అంటే పెర్నో ఫిస్, పాత శైలికి దగ్గరగా రూపొందించాడు. ఫ్రాన్స్‌లో సోమ్యూర్ పట్టణంలోని కాంబియే డిస్టిలరీలో కాస్తారు. అందులో వర్మ్‌వుడ్, హిసప్ కలిసి ఒక మూలికల పొడితనం తెస్తాయి. ఆనిస్ దాన్ని మోస్తుంది తప్ప కప్పేయదు. తెల్ల రకాల మెత్తదనానికి అలవాటు పడ్డ నోటికి ఇది మొదట కాస్త గరుకుగా తోచవచ్చు. రెండో గ్లాసుకి ఆ గరుకుతనమే దాని బలమని తెలుస్తుంది.

అమెరికాలోని వర్మ్‌వుడ్ సొసైటీ లాంటి అభిమాన సంఘాలు రంగు, లూష్, వాసన, రుచి, ముగింపు, మొత్తం మీద అభిప్రాయం అని విడివిడిగా మార్కులు వేస్తాయి. ఈ పద్ధతి మంచిదే, కానీ రంగుకీ లూష్‌కీ ఎక్కువ మార్కులు పోకుండా చూసుకోవాలి. వాసన, రుచి రెండూ కలిసి సగానికి పైగా ఉండాలి. సీసాల పేర్లు కనపడకుండా వేరెవరైనా పోసి ఇస్తే నిజాయితీగా తేలుతుంది. ఒక పూట మూడు రకాలకు మించకూడదు, అవి కూడా 15 మిల్లీలీటర్ల చొప్పునే; అనెథోల్ నాలుకను మొద్దుబారుస్తుంది కాబట్టి నాలుగోదానికి వేసే మార్కులు నమ్మదగ్గవి కావు. మధ్యలో సాదా బ్రెడ్డు ముక్క, మంచినీళ్లు. తెల్ల రకాలు ముందు, పచ్చవి తర్వాత. చక్కెర కలిపి చూడాలనుకుంటే అన్నీ ఒకసారి చక్కెర లేకుండా రాసుకున్నాక, అన్నింటికీ ఒకే కొలతతో కలపాలి. సీసాను ఫ్రీజర్‌లో పెట్టకూడదు. చలికి అనెథోల్ గడ్డకట్టి విడిపోవచ్చు, అప్పుడు ఎంత మంచి సరుకైనా లూష్ సరిగా రాదు. చల్లదనం నీళ్లలో ఉంటే చాలు.